మదనపల్లె అనే పేరున్న ఫైలు

విండోస్ కంప్యూటరులో ఒక ఫైలు తయారుచేసి, దానికి ‘మదనపల్లె’ అని తెలుగులోనే పేరు పెట్టామనుకుందాం. కంటికి కనిపించేవి ఐదక్షరాలు. కంప్యూటరు లెక్కలో మాత్రం ఎనిమిది: మ, ద, న, ప, ల, దాని కింద పొల్లు, మళ్లీ ల, చివర ఎత్వం. విండోస్ వీటిని ఒక్కోదానికి 2 బైట్ల చొప్పున 16 బైట్లలో దాచుకుంటుంది. లినక్స్‌లో మామూలుగా ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 24. ఇప్పుడు లినక్స్ కూడా చెందిన యూనిక్స్ లోకంలో పుట్టి పెరిగిన ఓపెన్‌సోర్స్ ప్రోగ్రాం ఒకదాన్ని విండోస్‌లో పెట్టుకుని ఆ ఫైలు తెరవమని అడగండి. దాన్ని విండోస్‌కు తెచ్చినవాళ్లు శ్రద్ధగా పనిచేసి ఉంటే ఫైలు తెరుచుకుంటుంది. లేదంటే ఆ ఎనిమిది గుర్తుల చోట ఎనిమిది ప్రశ్న గుర్తులు వస్తాయి. విండోస్‌లో ఫైలు పేరులో ప్రశ్న గుర్తు ఉండకూడదన్నది నియమం. కాబట్టి పేరు చెల్లదనో, అలాంటి ఫైలేదీ లేదనో జవాబొస్తుంది. ఫైలేమో ఎదురుగా, అదే ఫోల్డరులో, అదే పేరుతో ఉంటుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్లలో డీటీపీ షాపుల్లో, మండీ కొట్లలో, కాలేజీ ల్యాబుల్లో, ఇళ్లలో ఉన్న కంప్యూటర్లు చాలావరకు విండోస్‌వే. ఓపెన్‌సోర్స్ మంచిదని చెప్పేవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఈ ఊళ్లవాళ్లకు ఇస్తున్న సలహా ఒక్కటే: విండోస్ తీసేసి లినక్స్ వేసుకోండి. సలహా మంచిదే. కానీ బిల్లింగు ప్రోగ్రాం, ప్రింటరు డ్రైవరు, కాలేజీలో చెప్పే పాఠం, పక్క షాపతను ఇచ్చే ఫైలు అన్నీ విండోస్‌తో ముడిపడి ఉన్నప్పుడు, ఇల్లు మొత్తం ఖాళీ చేసి రమ్మంటే ఎవరు వస్తారు? మనుషులున్న చోటికే సాఫ్ట్‌వేర్ రావాలి. వచ్చినది ఆ ఇంటి మనిషిలా మసలాలి, చుట్టంలా గుమ్మంలో నిలబడిపోకూడదు. ఓపెన్‌సోర్స్ ప్రోగ్రాంలను విండోస్‌లో, మ్యాక్‌లో నేటివ్‌గా నడిచేట్టు చేయడం మన ఊళ్లకు సంబంధించినంతవరకు ముఖద్వారం లాంటిదనీ, ఆ ద్వారం తెలుగుకు తెరుచుకుంటోందో లేదో మనమే చూసుకోవాలనీ నా వాదన.

నేటివ్ అనే మాటను కొంచెం విప్పి చెప్పాలి. ఒక వ్యవస్థ కోసం రాసిన ప్రోగ్రాంను ఇంకో వ్యవస్థలో నడపడానికి స్థూలంగా మూడు దారులున్నాయి. ఒకటి, కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరు ఉన్నట్టు నటించే వర్చువల్ మెషీన్ పెట్టి, అందులో లినక్స్ మొత్తాన్నీ నడపడం. రెండోది, యూనిక్స్ పలికే మాటలను విండోస్ మాటలుగా ఎప్పటికప్పుడు మార్చి చెప్పే పొరను మధ్యలో పెట్టడం. 1995లో సిగ్నస్ సొల్యూషన్స్ అనే కంపెనీలో మొదలైన సిగ్‌విన్ అలాంటిది. మూడోది, ప్రోగ్రాం మూలాన్నే తీసుకుని, విండోస్ సొంత పిలుపులతో మాట్లాడేట్టు మార్చి, విండోస్ కోసమే కంపైల్ చేయడం, అంటే నేటివ్‌గా పోర్టు చేయడం. జీసీసీ కంపైలరును ఈ పనికి సిద్ధం చేసిన మింగ్‌డబ్ల్యూ 1998 ప్రాంతంలో వచ్చింది. ఈ తేడా తెలియడానికి మదనపల్లెలోనే మంచి పోలిక ఉంది. రవీంద్రనాథ్ ఠాగూరు 1919లో ఇక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బస చేసినప్పుడు, తాను 1911 నాటికే బెంగాలీలో రాసిన ‘జనగణమన’ను తానే ఇంగ్లీషులోకి అనువదించారు. బెంగాలీ పాట పాడుతుంటే పక్కన దుబాసీ నిలబడి ఒక్కో చరణానికీ అర్థం చెప్పడం వేరు. కవి తానే కూర్చుని ఆ పాటను మరో భాషలో మళ్లీ రాయడం వేరు. వర్చువల్ మెషీనూ, మధ్యలో పెట్టే పొరా దుబాసీలు. నేటివ్ పోర్టు అనువాదం. దుబాసీ ఎంత నేర్పరి అయినా ప్రతి మాటకూ ఆగాల్సిందే. అనువాదం చేసేవాడికి ముందు ఎక్కువ శ్రమ, తర్వాత పాడుకునేవాడికి అడ్డేమీ ఉండదు.

ఆ ముందటి శ్రమ ఎంతో పైకి కనిపించదు. యూనిక్స్‌లో ఒక ప్రోగ్రాం తనకు తోడు కావాలంటే తన నకలునే పుట్టిస్తుంది. దాన్ని ఫోర్క్ అంటారు. తల్లి దగ్గరున్న సమాచారమంతా బిడ్డకు పుట్టుకతోనే వస్తుంది. విండోస్‌లో మామూలు ప్రోగ్రాంలకు ఆ పద్ధతి లేదు. కొత్త పని కావాలంటే ప్రోగ్రాంను మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే, చెప్పాల్సినవన్నీ దానికి విడిగా చెప్పాల్సిందే. సిగ్‌విన్ ఈ ఫోర్క్‌ను అనుకరించడానికి కొత్త ప్రోగ్రాం పుట్టించి, పాతదాని మెమరీని అందులోకి మోసుకొస్తుంది. అందుకే అక్కడ ఆ పని నెమ్మది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ తన దగ్గరికి వచ్చే ఒక్కో కనెక్షనుకూ ఒక్కో ప్రాసెస్ చొప్పున ఫోర్క్ చేసుకుంటూ పెరిగింది. చాలా ఏళ్లు విండోస్‌లో దాని సర్వరు నడపాలంటే సిగ్‌విన్ పొర తప్పనిసరి. 2005 జనవరిలో వచ్చిన 8.0 వెర్షనుతో అది నేటివ్‌గా విండోస్‌కు వచ్చింది. అందుకోసం ఫోర్క్ లేకుండా బిడ్డ ప్రాసెస్‌కు తల్లి సమాచారం అందించే దారిని దాని రచయితలు విడిగా నిర్మించారు. అదే ఏడాది లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన, ప్రోగ్రాంలలో చేసే మార్పుల చరిత్ర దాచే గిట్‌కూ ఇలాంటి కథే ఉంది. మొదట్లో అందులో చాలా భాగం చిన్నచిన్న యూనిక్స్ ఆదేశాలను ఒకదాని వెంట ఒకటి పిలిచే షెల్ స్క్రిప్టులు. లినక్స్‌లో అవి చకచకా నడిచేవి, విండోస్‌లో ఈడ్చుకుంటూ నడిచేవి. ఆ స్క్రిప్టులను క్రమంగా సి భాషలో తిరగరాశారు. దానివల్ల లినక్స్‌లో వాడేవాళ్లూ లాభపడ్డారు. పరాయి ఊరికి తీసుకెళ్లడానికి సర్దుకున్నప్పుడే సామానులో అనవసరమైనదేదో బయటపడుతుంది.

ఇక ఆ ఎనిమిది ప్రశ్న గుర్తుల దగ్గరికి వద్దాం. యూనిక్స్‌లో ఫైలు పేరంటే బైట్ల వరస, అంతే. గీటు గుర్తు, సున్నా బైటు తప్ప పేరులో ఏముందో లోపలి వ్యవస్థ చూడదు. 24 బైట్లు ఇస్తే 24 బైట్లు తీసుకుంటుంది. అంటే యూనిక్స్‌లో తెలుగు ఫైలు పేర్లు పనిచేయడానికి ఎవరూ తెలుగు గురించి ఆలోచించనక్కరలేదు. విండోస్‌లో ఫైళ్లను తెరిచే తలుపులు రెండు. ఒకటి, అన్ని భాషలకూ ఒకే పట్టిక ఉన్న యూనికోడ్ తలుపు. రెండోది పాతది, 8 బిట్ల కాలం నాటిది. ఆ పాత తలుపు దగ్గర ఒక్కో భాషా కుటుంబానికి ఒక్కో అక్షరాల పట్టిక ఉంటుంది: పడమటి ఐరోపాకు 1252, రష్యనుకు 1251, అరబ్బీకి 1256, థాయ్‌కు 874. తెలుగుకు అలాంటి పట్టికే లేదు. కన్నడానికి లేదు, తమిళానికి లేదు, హిందీకీ లేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, తెలుగు రాసే వీలు వచ్చినప్పుడు మన భాష నేరుగా యూనికోడ్ తలుపు దగ్గరికే వచ్చింది. సి భాషలో ఫైలు తెరిచే మామూలు పిలుపేమో విండోస్‌లో ఆ పాత తలుపే తడుతుంది. ఫ్రెంచివాడు పారిస్‌లో కూర్చుని తన ఫైలు పేరుతో పరీక్షించి చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది, అతని భాషకు పట్టిక ఉంది కాబట్టి. అతనికి కనపడని తప్పు మనకు మాత్రమే తగులుతుంది. ఇంకోరకం తప్పులో ప్రశ్న గుర్తుల బదులు చెత్త కనిపిస్తుంది. మ అనే అక్షరం తాలూకు 3 బైట్లను 1252 పట్టికతో చదివితే తలమీద వాలుగీత ఉన్న ఒక ఫ్రెంచి అక్షరం, ఒక డిగ్రీ గుర్తు, వలయంలో ఇమిడిన రిజిస్టర్డ్ గుర్తు వరసగా వస్తాయి. అలాంటి చెత్త తెర మీద చూసిన తెలుగువాళ్లు, పొరపాటు తమదేననుకుని ఫైళ్లకు ఇంగ్లీషులో పేర్లు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు.

ఈ చిక్కును ముందుగా గుర్తించి తీర్చినవాళ్లూ ఉన్నారు. బొమ్మలు దిద్దే గింప్‌ను అమెరికాలో బర్క్‌లీ విద్యార్థులిద్దరు, స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్, యూనిక్స్ కోసం రాశారు. 1990ల చివర్లో దాన్ని విండోస్‌కు తెచ్చే పని ఫిన్లండ్‌కు చెందిన టోర్ లిల్క్విస్ట్ తలకెత్తుకున్నారు. గింప్ ఒక్కదాన్ని తెస్తే సరిపోదు. దాని కిందున్న జీటీకే, జీలిబ్ అనే పునాదులను కూడా తేవాలి. 2004 చివర్లో వచ్చిన జీలిబ్ 2.6 నుంచి విండోస్‌లో కూడా ఫైలు పేర్లను యూనికోడ్‌గానే తీసుకుని, సరైన తలుపు తట్టే ఏర్పాటు అందులో ఉంది. ప్రోగ్రాం రాసేవాడు సి భాష పిలుపు బదులు జీలిబ్ పిలుపు వాడితే చాలు, మదనపల్లె అని పేరున్న ఫైలు తెరుచుకుంటుంది. తెలుగును తలచుకుని చేసిన పని కాకపోయినా, తెలుగువాడి ఫైలుకు అక్కరకొచ్చిన పని ఇది. 2019లో విండోస్ 10 కూడా ఒక మెట్టు దిగి వచ్చింది. ఫలానా ప్రోగ్రాంకు పాత తలుపు దగ్గర కూడా యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8నే పట్టికగా వాడమని, దానితోపాటు ఉండే చిన్న ప్రకటన ఫైలులో రాసుకునే వీలు ఇచ్చింది. అయినా పోర్టు చేసినవాళ్లు ఆ నాలుగు వరసలూ చేర్చాలి. చేర్చని ప్రోగ్రాంలలో ప్రశ్న గుర్తులు అలాగే ఉంటాయి.

పేరు తెరుచుకున్నాక లోపలి అక్షరాల సంగతి. స్త్రీ అనే ఒక్క అక్షరాన్ని తీసుకోండి. కంప్యూటరుకు అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం: ఆరు గుర్తుల వరస. ఈ ఆరింటినీ చూసి, సకారం పైన గుడి దీర్ఘం, కింద తవత్తు, దాని సరసన రవత్తు కూర్చే పని ఫాంటు ఒక్కటే చేయదు. షేపింగ్ ఇంజను అనే ప్రత్యేకమైన భాగం చేస్తుంది. విండోస్‌కు తన సొంత ఇంజను ఉంది, ఆపిల్‌కు తన సొంతది. ఓపెన్‌సోర్స్ లోకంలో హార్ఫ్‌బజ్ అనేది ఉంది. ఇరాన్ మూలాలున్న బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ దీని ముఖ్య శిల్పి. పేరు పారశీకం, ఓపెన్‌టైప్ అనే మాటకు ఆ భాషలో చేసిన అనువాదం. 2017 ఫిబ్రవరి వరకు, పత్రాలు రాసుకునే లిబ్రేఆఫీస్ విండోస్‌లో విండోస్ ఇంజనునూ, మ్యాక్‌లో ఆపిల్ ఇంజనునూ వాడేది. ఒకే ఫైలు, ఒకే ఫాంటు, అయినా కూర్పు ఒక్కో చోట ఒక్కోలా ఉండే అవకాశం ఉండేది. 5.3 వెర్షనుతో అన్నిచోట్లా హార్ఫ్‌బజ్‌నే పెట్టారు. కుప్పంలో లినక్స్ మీద టైపు చేసిన వ్యాసం పుంగనూరులో విండోస్ మీద తెరిచినా అదే ఫాంటు ఉంటే వత్తులు అక్కడే ఉండాలంటే ఇదే దారి.

తెలుగు డీటీపీ షాపుల వాడుక తెలిసినవాళ్లకు దీని విలువ వెంటనే అర్థమవుతుంది. పెళ్లి పత్రికలూ, ఫ్లెక్సీలూ, కరపత్రాలూ ఏళ్ల తరబడి అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో, ఫోటోషాప్‌లో తయారవుతూ వచ్చాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. అదే మాటలను ఫోనులోకి కాపీ చేస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులొస్తాయి. వెతికితే దొరకదు, ఇంకొకరు దిద్దలేరు. డిజైన్ సాఫ్ట్‌వేర్ మన వత్తులను కూర్చలేని రోజుల్లో పుట్టిన ఆ అవస్థను ఇంకా మోస్తున్నాం. విండోస్‌లో నడిచే గింప్‌లో, గీతల బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో, లిబ్రేఆఫీస్‌లో యూనికోడ్ తెలుగు నేరుగా కూర్చబడుతుంది. సిలికానాంధ్ర చొరవతో ఉచితంగా విడుదలైన యూనికోడ్ ఫాంట్లూ, దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లూ ఉండనే ఉన్నాయి. ఫ్లెక్సీ షాపతను తన విండోస్ తీసేయనక్కరలేదు, అలవాటైన ప్రింటరు వదలనక్కరలేదు. ఈ ప్రోగ్రాంలు నేటివ్‌గా రాకపోతే మాత్రం అతనికి ఇవేవీ అందవు. మ్యాక్‌లో గింప్ 2012 దాకా, ఇంక్‌స్కేప్ 2020 మేలో 1.0 వచ్చేదాకా ఎక్స్11 అనే యూనిక్స్ కిటికీల వ్యవస్థను అదనంగా పెట్టుకుంటే తప్ప నడిచేవి కావు. మెనూలు పరాయివి, షార్ట్‌కట్లు పరాయివి. అలాంటి చోట వాడేవాడు రెండు రోజులు చూసి పక్కన పెట్టేస్తాడు. దాన్ని బద్ధకమనడం అన్యాయం.

ఇక్కడ నా వాదనకు అడ్డొచ్చే విషయం ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. ఆతిథ్యమిచ్చే వ్యవస్థ ఇచ్చినవన్నీ వాడుకోవడమే నేటివ్ అయితే, షేపింగ్ ఇంజనును వెంట తెచ్చుకోవడం నేటివ్ ఎలా అవుతుంది? 2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తు చేసుకోవాలి. జ్ఞా అనే అక్షరం మధ్యలో కంటికి కనపడని యూనికోడ్ గుర్తొకటి చేరిన వరస తెర మీదికి వస్తే చాలు, ఐఫోనులోనూ మ్యాక్‌లోనూ ప్రోగ్రాంలు కూలిపోయాయి. ఆపిల్ అక్షరాల కూర్పులో ఉన్న లోపం అది. దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాం ఏదైనా సరే, ఆపిల్ దిద్దుబాటు పంపేదాకా ఎవరూ చేయగలిగిందేమీ లేదు. ఆ వారం లోకమంతా తెలుగు అక్షరాన్ని బాంబులా చెప్పుకుంది. తప్పు అక్షరానిది కాదు, దాన్ని కూర్చే భాగానిది. ఆ భాగం మూలం మన చేతిలో లేకపోవడమే అసలు బాధ. అందుకే నా దృష్టిలో మంచి పోర్టు ఎక్కడ ఒదిగిపోవాలో, ఎక్కడ తన సొంతం నిలుపుకోవాలో ఎరిగి ఉంటుంది. కీబోర్డు, ప్రింటరు, ఫైళ్ల పెట్టె, కాపీ-పేస్టు ఆ ఇంటివే వాడాలి. అక్షరాన్ని కూర్చే విద్య మాత్రం వెంట తెచ్చుకోవాలి.

డబ్ల్యూఎస్ఎల్ వచ్చాక ఈ శ్రమంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. మైక్రోసాఫ్టే 2016లో విండోస్ లోపల లినక్స్ నడిపే వీలు కల్పించింది, 2019లో ప్రకటించిన రెండో వెర్షనులో అసలైన లినక్స్ కెర్నలే ఉంది. ప్రోగ్రామింగు నేర్చుకునే ఇంజనీరింగ్ విద్యార్థికి అది గొప్ప వరం, కాదనను. కానీ దాని లోపల ఉన్నది తేలికపాటి వర్చువల్ మెషీను. దానికంటూ మెమరీ కావాలి, దానికంటూ ఫైళ్ల వ్యవస్థ ఉంటుంది. విండోస్ వైపున్న ఫైళ్లను అక్కడినుంచి తాకితే నెమ్మదవుతుందని మైక్రోసాఫ్ట్ సొంత పత్రాలే చెబుతాయి. 4 జీబీ మెమరీతో నడుస్తున్న పాత కంప్యూటరు మీద అది రెండో కాపురం పెట్టడమే. పుంగనూరు ఆవును ఈ ప్రాంతం వాళ్లు ఎందుకు మెచ్చుకుంటారు? పొట్టిది, కొంచెం మేతతో సరిపెట్టుకుంటుంది, పాలు చిక్కన. నేటివ్‌గా కంపైలైన ప్రోగ్రాం అలాంటిది. పైగా మండీలో లెక్కలు రాసుకునే గుమాస్తాకు డబ్ల్యూఎస్ఎల్ అక్కరలేదు. ఇన్‌స్టాల్ మీద నొక్కితే వచ్చే లిబ్రేఆఫీస్ కావాలి.

ఇంతకంటే బలమైన అభ్యంతరం స్వేచ్ఛ గురించి. మంచి ప్రోగ్రాంలన్నీ విండోస్‌కే వచ్చేస్తే ఇక లినక్స్‌కు ఎవరు మారతారు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం సగంలో ఆగిపోదా అని. కేరళ ఉదాహరణ చూపిస్తారు. అక్కడ ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు ప్రభుత్వ పాఠశాలలను లినక్స్ వైపే మళ్లించింది, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది, పరీక్షలు దాని మీదే పెట్టింది. ఆ పనికి చేతులెత్తి నమస్కరించాలి. కానీ వెనక ఒక ప్రభుత్వం ఏళ్ల తరబడి నిలబడితే సాధ్యమైన పని అది. కుప్పానికి ఇంకో రకం అనుభవం ఉంది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ ప్రాజెక్టు మొదలుపెట్టింది. సమాచార కేంద్రాలు తెరిచింది, సౌరశక్తితో నడిచే ప్రింటర్లతో ఫోటోలు తీసిచ్చే పని పల్లె ఆడవాళ్లకు నేర్పింది. దాన్ని తీసిపారేయనక్కరలేదు, ఎంతోమంది మొదటిసారి కంప్యూటరు ముట్టుకున్నది అప్పుడే అయి ఉంటుంది. కానీ అది ఇన్నేళ్లని గడువున్న ప్రాజెక్టు. ప్రాజెక్టులకు గడువుంటుంది, విద్యకు ఉండదు. విండోస్‌లో లిబ్రేఆఫీస్‌తో రాయడం, గింప్‌తో దిద్దడం, గిట్‌తో ప్రోగ్రాంలు దాచుకోవడం నేర్చిన పిల్లవాడు రేపు లినక్స్ ముందు కూర్చుంటే అతనికి కొత్తగా అనిపించేది తెర కింది పట్టీ ఒక్కటే. ఫైళ్లు అవే, మెనూలు అవే, చేతి అలవాటు అదే. నేటివ్ పోర్టు అతన్ని విండోస్‌కు కట్టేస్తుందనే భయం కంటే, కట్టు విప్పుతుందనే నమ్మకానికే నాకు ఆధారం ఎక్కువ కనిపిస్తోంది.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసేది మూడో అభ్యంతరం. ఈ పోర్టుల బరువు మోసేదెవరు? ఓపెన్‌సోర్స్ రచయితల్లో చాలామంది లినక్స్ వాడతారు. విండోస్ వాడేవాళ్లు లక్షల్లో ఉన్నా, విండోస్ పోర్టును చూసుకునేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. చూసుకునేవాడు లేని చోట దొంగలు చేరతారు కూడా. 2015లో సోర్స్‌ఫోర్జ్ అనే డౌన్‌లోడ్ సైటు, అక్కడ వదిలేసి ఉన్న గింప్ విండోస్ ఖాతాను తన చేతిలోకి తీసుకుని, ప్రకటనల సరుకు కలిపిన ఇన్‌స్టాలరును అందించింది. గింప్ బృందం బహిరంగంగా నిరసన చెబితే గానీ అది ఆగలేదు. అందుకే ఏ ప్రోగ్రాంనైనా దాని సొంత సైటునుంచే దించుకోవాలి. బరువు సంగతికి నా దగ్గరున్న జవాబు ఒకటే. తెలుగుకు సంబంధించిన భాగాన్ని మోయాల్సింది తెలుగువాళ్లే. పారిస్‌లోనో బెర్లిన్‌లోనో కూర్చున్న రచయిత కంప్యూటరులో మన తప్పు కనపడదని ముందే చెప్పుకున్నాం.

ఆ పనికి ఈ మూడు ఊళ్లు నిజంగా తగిన చోట్లు. మదనపల్లెలో 1998 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. కుప్పంలో ఇంజనీరింగ్ కాలేజీతోపాటు 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయమూ ఉంది. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే ఊరు కావడంతో అక్కడి పరిశోధకుడి కంప్యూటరులో తెలుగు, తమిళ, కన్నడ పేర్ల ఫైళ్లు ఒకే ఫోల్డరులో ఉండే వీలుంది. ఏ పోర్టుకైనా ఇంతకు మించిన పరీక్ష ఉండదు, ఎందుకంటే పాత తలుపు దగ్గర ఈ మూడింటికీ పట్టిక లేదు. మొదలుపెట్టడానికి ప్రోగ్రామింగు కూడా రానక్కరలేదు. ‘పుంగనూరు’ పేరుతో ఒక ఫోల్డరు చేసి, అందులో ‘కుప్పం’ పేరుతో ఒక ఫైలు పెట్టి, ప్రోగ్రాంతో తెరవాలి, మార్చి దాచాలి, మూసి మళ్లీ తెరవాలి. పేరు మీద రెండుసార్లు నొక్కి ఒకసారి, ప్రోగ్రాం లోపలి మెనూనుంచి ఒకసారి. ఈ రెండు దారుల్లో ఒకటి పనిచేసి రెండోది చేయకపోవడం కూడా కద్దు. ఎక్కడ విఫలమైందో, ప్రోగ్రాం వెర్షను ఏమిటో, విండోస్ వెర్షను ఏమిటో, తెర మీద వచ్చిన మాట ఏమిటో రాసి, ఆ తెర బొమ్మ జతచేసి ఆ ప్రాజెక్టు బగ్‌ల పట్టికలో నమోదు చేయాలి. ఫైలు పేరును మాత్రం బొమ్మగా కాకుండా తెలుగు అక్షరాలుగానే రాయాలి. దిద్దబోయే మనిషి దాన్ని అక్కడినుంచే కాపీ చేసుకుని తన కంప్యూటరులో ఒక ఫైలుకు పెట్టి చూస్తాడు.